నందిరేవు గాయాలకు కచ్చితమైన కారణాలు

"ఈ రోజు నుంచి నా నియోజకవర్గంలో ఒక్క మనిషి కూడా కారణం లేకుండా గాయపడడు! ఇది నా మాట, నా ప్రభుత్వం మాట!"

మంత్రిగారు ఈ ప్రకటన చేసింది 2008 మార్చి మొదటి తారీకున, నందిరేవు సర్కారు దవాఖాన ఆవరణలో, షామియానా కింద. ముందు వరుసలోని నర్సులు చప్పట్లు కొట్టారు. వెనక వరుసలో కట్లతో కూర్చున్న రోగుల్లో చేతులు బాగున్నవాళ్లు కొట్టారు. గద్వాలకూ వనపర్తికీ నడుమ కృష్ణ ఒడ్డున ఉన్న ఆ చిన్న పట్నం అంత గొప్ప మాట అంతకుముందెన్నడూ విని ఎరగదు.

గేటు పక్కన చంకకర్రలు అమ్మే నబీ సాబ్ కూడా విన్నాడు. విని, చేతిలోని వెదురు కింద పెట్టేశాడు. ముప్పై ఏళ్లుగా ఆయన బేరం విరిగిన కాళ్ల మీదే నడుస్తోంది. ఈతచెట్ల మీంచి పడేవాళ్లు ఎండాకాలంలో నెలకు ఆరు జతలు, పెళ్లి ట్రాక్టర్ల మీంచి పడేవాళ్లు పది జతలు, పంచాయతీ ఎన్నికలు వస్తే ఇరవై జతలు. ఇదంతా ఆయనకు వేళ్ల మీద ఉన్న లెక్క. మంత్రిగారు గాయాలనే రద్దు చేశారేమోనని ఆయనకు భయం పట్టుకుంది.

"గాయాలు బంద్ అయితయారా షాకీర్?" అని మేనల్లుణ్ణి అడిగాడు. షాకీర్ పార్టీ పట్టణ అధ్యక్షుడు. ఊళ్లో షామియానా వేసినా, మురుగు మోరీ తవ్వినా ఆ కాంట్రాక్టు అతనిదే.

"గాయాలు గట్లనే ఉంటయి మామూ. పరేషాన్ గాకు. కారణాలు మంచిగైతయి, అంతే."

సంగతేమిటంటే, అంతకు వారం ముందు హైదరాబాదులో ఒక సమావేశం జరిగింది. అందులో ఒక పెద్దాఫీసరు కాగితం చూసి చదివాడు. నందిరేవు దవాఖానకు కిందటేడు దెబ్బలతో వచ్చినవాళ్లు పద్నాలుగు వందల పన్నెండు మంది. అందులో పదమూడు వందల ముప్పై ఒక్క మందికి రాసిన కారణం 'కాలు జారి పడుట'.

"మీది కరువు ప్రాంతం కదండీ మంత్రిగారూ, అంత జారుడు ఎక్కడిది?" అన్నాడు ఆఫీసరు. మిగతా మంత్రులు నవ్వారు.

మన మంత్రిగారు పట్టుదల గల మనిషి. తన ఊళ్లో తాగే నీళ్లు లేవంటే ఓర్చుకుంటారు. నవ్వితే ఓర్చుకోరు. దెబ్బల కారణాలు కచ్చితంగా నమోదు చేసే దవాఖానకు ఢిల్లీ నుంచి ఒక షీల్డు ఇస్తారని అదే సమావేశంలో తెలిసింది. వచ్చే ఏడు ఎన్నికలు. టికెట్టు అడిగేటప్పుడు చేతిలో షీల్డు ఉంటే బాగుంటుందని మంత్రిగారికి అక్కడే తట్టింది.

నిజానికి నందిరేవు జారుడు వెనక ఒక పద్ధతి ఉంది. దవాఖానలో చీటీ రాసే బల్లకు ఆనుకొనే పోలీసు హెడ్ కానిస్టేబుల్ కుర్చీ ఉంటుంది. చీటీ రాసేవాడికి చెప్పిన మాట కానిస్టేబుల్ చెవిలోనూ పడుతుంది. మొగుడు కొట్టాడంటే ఒక కేసు. కంచెకు పెట్టిన దొంగ కరెంటు తగిలిందంటే రెండు కేసులు. సర్పంచ్ తమ్ముడి ట్రాక్టర్ గుద్దిందంటే కేసు ఎవరి మీద పడుతుందో చెప్పలేం, తరచుగా చెప్పినవాడి మీదే పడుతుంది. 'కాలు జారింది' అంటే మాత్రం ఏ బాధా లేదు, పొద్దుగూకక ముందే ఇల్లు చేరొచ్చు. అందుకని అక్కడ ఎవరికి ఏ దెబ్బ తగిలినా కాలు జారే తగిలేది. కన్ను వాచినా కాలు జారే. వీపు మీద చెప్పు అచ్చు పడినా కాలు జారే.

నిజం తెలిసినవాడు ఊరంతటికీ ఒక్క నబీ సాబే. కర్ర కొలత తీసేటప్పుడు ఆయన "ఎట్ల పడ్డవ్?" అని అడుగుతాడు. అది కుతూహలం కాదు, బేరం. మళ్లీ చెట్టెక్కబోయేవాడికి బరువు మోసే కర్ర కావాలి. మళ్లీ మొగుడి దగ్గరికే పోయే ఆడమనిషికి అవసరమైతే ఎత్తడానికి వీలైన తేలిక కర్ర కావాలి. నబీ సాబ్‌కు రాసే అలవాటు లేదు గనక అందరూ ఆయనకు నిజమే చెప్పేవాళ్లు.

మంత్రిగారి ప్రకటన తర్వాత మూడో రోజుకు దవాఖానకు ఒక కంప్యూటర్, ఒక లావు పుస్తకం, అర్చన అనే ఉద్యోగిని వచ్చారు. అర్చనది నాగర్‌కర్నూల్. హైదరాబాదులో పదిహేను రోజులు ట్రైనింగ్ అయి వచ్చిన బుద్ధిమంతురాలు. లోకంలో మనిషికి దెబ్బ తగలగల దారులన్నిటికీ ఆ పుస్తకంలో తలా ఒక ఇంగ్లీషు అక్షరం, రెండు అంకెలు ఉన్నాయి. కుక్క కరిస్తే ఒక కోడు, మొసలి కరిస్తే ఇంకో కోడు. కారణం తెలియకపోతే ఎక్స్ 59.

పుస్తకం వెంట మూడు ఉత్తర్వులు కూడా వచ్చాయి. ఎక్స్ 59 వాడరాదు, కంప్యూటరే దాన్ని ఒప్పుకోదు. కాలు జారుట నెలకు పదికి మించరాదు. కారణాల్లో వైవిధ్యం కనబడవలెను.

ఆరో తారీకుకల్లా ఆ నెల జారుళ్లు పదీ అయిపోయాయి. ఏడో తారీకు పొద్దున్నే జోగులమ్మ అనే ఆమె మోచేయి పట్టుకొని వచ్చింది.

"ఎట్ల తగిలిందమ్మా?"

"కాలు జారింది మేడం."

"జారుళ్లు అయిపోయినయమ్మా. ఇంకేదన్న చెప్పు."

"అయ్యో! ఏమేమున్నయి?"

అర్చన పుస్తకం తిప్పింది. "ఎత్తు మీంచి పడుడున్నది, జంతువు పొడుసుడున్నది, మనిషి కొట్టుడున్నది..."

జోగులమ్మ కానిస్టేబుల్ కుర్చీ వైపు చూసింది. "అండ్ల మంచిది ఏదుంటే అదేసుకో బిడ్డా. నాకేం తెలుస్తది?"

అర్చన జ్వరం వచ్చి రెండు రోజులు సెలవు పెట్టింది. కాంపౌండర్ కంప్యూటర్ ముందు కూర్చొని ఉత్తర్వులను తు.చ. తప్పకుండా అమలు చేశాడు. ఆ రెండు రోజుల్లో నందిరేవులో ఒకరు అగ్నిపర్వతం పేలి గాయపడ్డారు, ముగ్గురు మంచు మీద జారే బూట్లతో ఆడుతూ పడ్డారు, శ్రీరంగాపూర్ నుంచి వచ్చిన డెబ్బై ఏళ్ల కిష్టమ్మ మంచుకొండ విరిగిపడి తుంటి విరగ్గొట్టుకుంది. వైవిధ్యం బాగా పెరిగిందని హైదరాబాదు నుంచి అభినందన ఉత్తరం వచ్చింది.

ఆ ఉత్తరం చదివి ఏడుపు వచ్చింది ఒక్క అర్చనకే. ఆమె నేరుగా గేటు దగ్గరికి నడిచింది.

"చాచా, మీకు అందరు నిజం చెప్తరంట?"

"నేను రాయను గద బిడ్డా. అందుకే చెప్తరు."

"నేను రాసేది గూడ ఎవ్వరికి సమజ్ గాదు చాచా. డబ్ల్యూ 17 అంటే ఏందో మన హెడ్ కానిస్టేబుల్‌కు ఎర్కనా? పుస్తకం సూస్తెగాని నాకే తెల్వదు."

నబీ సాబ్ చేతిలోని ఉలి పక్కన పెట్టి తూకం వేసుకున్నాడు. నిజం చెప్పినా చెప్పినవాడు దొరకని ఏర్పాటు తన ఆయుష్షులో ఇదే మొదటిది. పైగా కొలతలు తీసుకోవడానికి లోపలే చోటు దొరుకుతుంది. ఎటు చూసినా నష్టం లేదు.

మర్నాటి నుంచి ఆయన బెంచీ దవాఖాన లోపలికి మారింది. సూపరింటెండెంట్ ఇమ్మానుయేల్ డాక్టర్ ఆయనకు 'గౌరవ కారణ సలహాదారు' అని రాసిన బిళ్ల ఒకటి చొక్కాకు తగిలించాడు. జనం ముందు నబీ సాబ్ దగ్గర కూర్చునేవాళ్లు. ఆయన చెవిలో చెప్పేవాళ్లు. ఆయన అర్చనకు చెప్పేవాడు. అర్చన అక్షరం, అంకెలు కొట్టేది. కానిస్టేబుల్ తన చెవి ఎంత సాచినా ఇంగ్లీషు అక్షరాలు తప్ప ఏమీ పడలేదు.

ఏప్రిల్ మొదటికల్లా కచ్చితత్వం నూటికి తొంభై నాలుగుకు చేరింది. ఆ అంకె చూసి మంత్రిగారు ఉప్పొంగిపోయారు.

"ఈ అక్షరాలు, అంకెలు ఎవనికి సమజైతయి? షీల్డు కోసం ఢిల్లీ బృందం వస్తున్నది. ప్రజలు గూడ సూడాలె. మొత్తం తెలుగుల రాయించి, బస్టాండు దాంక కనబడేటట్టు దవాఖాన గోడ మీద ఎక్కియ్యున్రి!"

ఆర్టిస్టు రెండు రోజులు నిచ్చెన మీద నిలబడి ఎర్ర రంగుతో రాశాడు. నందిరేవు దవాఖాన, మార్చి నెల గాయాలకు కచ్చితమైన కారణాలు. మొగుడు కొట్టుట, ముప్పై ఒకటి. బస్టాండు ముందు మోరీ కోసం తవ్వి రెండేళ్లుగా పూడ్చని గుంతలో పడుట, ముప్పై ఎనిమిది. పార్టీ సభలకు తోలుకుపోయే లారీల మీంచి పడుట, ఇరవై ఏడు. నీళ్ల ట్యాంకు నిచ్చెన విరిగి పడుట, పంతొమ్మిది. పార్టీ కార్యకర్తలు కొట్టుట, పద్నాలుగు. అన్నిటికంటే కింద, కాలు జారుట, పది.

ఊరంతా వచ్చి చదివింది. చదువు రానివాళ్లకు వచ్చినవాళ్లు రెండేసిసార్లు చదివి వినిపించారు. హెడ్ కానిస్టేబుల్ కుర్చీలోంచి లేచి వచ్చి మరీ చదివాడు, చదివి జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. ఆ సాయంత్రం నుంచే నబీ సాబ్ బెంచీ మీద కూర్చునేవాళ్లు మాటలు మింగడం మొదలుపెట్టారు.

మంత్రిగారు కారు దిగకుండానే బోర్డు మొత్తం చదివారు. పక్కన షాకీర్ మొహం తుడుచుకుంటూ నిలబడ్డాడు. మోరీ గుంత అతనిది, లారీలు అతనివి.

"డాక్టర్‌ సాబ్," అన్నారు మంత్రిగారు నెమ్మదిగా, "కారణాలు కావాలన్న. మంచిదే. నా కారణాలు కావాలన్ననా?"

గోడకు సున్నం పడింది. కొత్త ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట కారణం కచ్చితంగా ఉండవలెను, దానితో పాటు ప్రభుత్వానికిగానీ పార్టీకిగానీ సంబంధం లేనిదై ఉండవలెను.

ఈ రెండు షరతులకూ పొత్తు కుదురుతుందో లేదో తేలేలోపే మల్లయ్య తొడ విరిగింది.

మల్లయ్య పూణేలో బిల్డింగులకు కాంక్రీటు మోసే కూలి. వానలు పడేలోపు గుడిసె మీద రేకులు వేసుకుందామని భార్య బాలమ్మతో ఊరికి వచ్చాడు. ఏప్రిల్ ఇరవైన, ఢిల్లీ బృందం రావడానికి తొమ్మిది రోజుల ముందు, ఏర్పాట్లు చూసి, ఒక సభ పెట్టి పోదామని మంత్రిగారు వచ్చారు. దవాఖాన దారిలో షాకీర్ ఇనుప పైపులతో ఇరవై అడుగుల స్వాగత తోరణం కట్టించాడు. దాని కాళ్లకు మూడడుగుల గుంతలు తీయాలి. జానెడు తీశారు. గాలికి తోరణం ఊగుతుంటే షాకీర్ దారిన పోయేవాళ్లను పన్నెండు మందిని పిలిచి, జర పట్టుకోండని చెప్పి నిలబెట్టాడు. అందులో మల్లయ్య ఒకడు. మంత్రిగారి కారు తోరణం కింది నుంచి సాగిపోయింది. పదకొండు మంది వదిలేసి కారు వెంట పరుగెత్తారు.

ఇమ్మానుయేల్ డాక్టర్ మల్లయ్య కాలికి రెండు ఇటుకలు వేలాడదీసి బాలమ్మను పక్కకు పిలిచాడు. "తొడ ఎముక రెండు ముక్కలైందమ్మా. రాడ్ వెయ్యాలె. ఆ సామాను ఇక్కడ లేదు, కర్నూలుకు పోవాలె. నాలుగైదు రోజులల్ల పోతే కాలు కాలు తీరుగనే ఉంటది. ఆలస్యమైతే వంకరగ అతుక్కుంటది. మళ్ల బరువులు మొయ్యలేడు."

"ఇప్పుడే పోతం సారూ. బీమా కార్డున్నది."

"కార్డు మీద పోవాల్నంటే కంప్యూటర్‌ల కెళ్లి కాగితం రావాలె. కాగితం రావాల్నంటే కారణం కొట్టాలె."

కారణం ఏమిటో అక్కడున్న అందరికీ తెలుసు. నబీ సాబ్ అయినా పద్ధతి తప్పకుండా మల్లయ్య మంచం పక్కన కూర్చొని అడిగాడు.

"ఎట్ల పడ్డవ్ మల్లయ్యా?"

"నేను పడలే సాబూ. అది పడ్డది. కారు దాటేదాంక పట్టుకోమన్నరు, పట్టుకున్న. కారు దాటింది. పదకొండు మంది ఇడిసిండ్రు. నాకెవ్వరు ఇడువుమని చెప్పలే."

 అన్ని జతల కర్రలు అమ్మిన నబీ సాబ్‌కు కూడా ఆ మాట ఏ లెక్కలో వేసుకోవాలో తోచలేదు.

అర్చన డబ్ల్యూ 20 కొట్టింది. మీద వస్తువు పడుట. కంప్యూటర్ వెంటనే ఇంకో గడి తెరిచింది. వస్తువు పేరు? అర్చన 'స్వాగత తో' దాకా కొట్టేసరికి షాకీర్ వచ్చి కీబోర్డు మీద చెయ్యి పెట్టాడు.

"మేడం, ఆగున్రి. తోరణం పార్టీది."

"మరి ఏం కొట్టాలె సార్?"

సూపరింటెండెంట్ గదిలో అప్పటికప్పుడు సమావేశం కూర్చుంది. ఒక తొడ ఎముక కోసం అంతమంది బాధ్యత గలవాళ్లు ఫోన్లు పట్టుకొని అంతసేపు శ్రమించడం ఆ జిల్లా చరిత్రలో లేదు.

"మొసలి!" అన్నాడు షాకీర్. "కృష్ణల మొసళ్లు ఉండనే ఉన్నయి. మొసలికి పార్టీ లేదు."

అటవీ అధికారికి ఫోన్ చేశారు. "మా మొసళ్లకు లెక్కున్నది," అన్నాడాయన. "ఇరవై తారీకు అన్ని నీళ్లలనే ఉన్నయి. మీరు రాస్తే నేను పంచనామాకొస్త. పండ్ల గాట్లు సూపియ్యాలె."

"గోడ కూలి మీద పడ్డదని కొడితే?"

బిల్డింగుల ఇంజనీరు మండిపడ్డాడు. "మా గోడలు ఇంక కట్టనే లేదు, ఎట్ల పడతయండీ?"

"ఎద్దు?"

"ఎద్దు పేరు, ఎద్దు గలాయన పేరు కావాలె," అన్నాడు పశువుల డాక్టర్.

"ఇదంత దేవుడు చేసిండని రాస్తే?" అన్నాడు కాంపౌండర్ భక్తిగా.

షాకీర్ ఉలిక్కిపడ్డాడు. "అరే, ఊకో! దేవాదాయ శాఖ మంత్రిది వేరే గ్రూపు!"

ఈ నెల జారుళ్లు ఉన్నాయేమోనని అర్చనను అడిగారు. ఐదో తారీకుకే అయిపోయాయంది.

అట్లా ఒక రోజు పోయింది. రెండో రోజూ పోయింది. బాలమ్మ గది గుమ్మంలోనే కూర్చుంది. లోపలికి పోయే ప్రతివాణ్ణీ, బయటికి వచ్చే ప్రతివాణ్ణీ ఒకటే అడిగింది. "ఏమన్న దొరికిందా సారూ, మా ఆయనకు కారణం?"

షాకీర్ కనబడితే మాత్రం కొంగు బిగించింది. "నువ్వు పట్టుకోమంటేనే పట్టుకున్నడు గద! ఆ ఇనుము నీది గాదా? నీ నోట్ల ఏమన్న బెల్లమున్నదా, చెప్పనీకె?"

"నీకు రాజకీయం తెల్వదక్కా."

"నాకు తొడ తెలుసు!"

మూడో రోజు పొద్దున నబీ సాబ్ ఇంట్లో చాయ్ ముందు కూర్చొని కూడా ఇదే లెక్క వేస్తున్నాడు. చాయ్ చల్లారిపోయింది. భార్య కుల్సుమ్‌బీ చూసి చూసి అడిగింది.

"కాలు ఇరిగింది వానిది. నీ ముఖమేంది గట్లున్నది?"

"షాకీర్‌కు కావల్సిన కారణం దొరుకుతలేదు."

"నీ మేనల్లునికి అవసరమైంది అమ్ముతే గద కొంటడు? ముప్పై ఏండ్ల సంది బేరం చేస్తున్నవ్, గది గూడ నేనే చెప్పాల్నా?"

నబీ సాబ్ గ్లాసు దించాడు. కొనేవాడికి ఏది కరువో చూడాలి. మంత్రిగారికి దేవుడి దయ వల్ల అన్నీ ఉన్నాయి. లేనిది ఒకటే. ఇరవయ్యో తారీకు సభకు వచ్చిన జనం నలభై మంది, అందులో పన్నెండు మంది తోరణం పట్టుకున్నవాళ్లు.

ఆయన దవాఖానకు పోయి అర్చనతో పుస్తకం తిప్పించాడు. డబ్ల్యూ 52. జనం తొక్కిసలాటలో నలుగుట.

"షాకీర్," అన్నాడు, "ఆ దినం మంత్రిసాబ్‌ను సూడనీకె జనం ఇరగబడ్డరు. ఆగలే. తొక్కుకున్నరు. మల్లయ్య కింద పడ్డడు. తోరణం ఊసే లేదు. ఏమంటవ్?"

షాకీర్ వెంటనే ఫోన్ తీశాడు. అటు నుంచి మంత్రిగారి గొంతు గది అంతా వినిపించింది.

"తొక్కిసలాటనా? నా సభలనా? నిజంగ కంప్యూటర్‌ల వస్తదా?"

"ఢిల్లీ దాంక పోతదన్నా!"

కాగితం అయిదు నిమిషాల్లో వచ్చింది. ఇమ్మానుయేల్ డాక్టర్ సంతకం పెట్టాడు. బాలమ్మ కాగితాన్ని మడిచి రవికెలో పెట్టుకుంది. ఇంత చవగ్గా ఒక కాలు దక్కించిన బేరం తన జన్మలో లేదనుకున్నాడు నబీ సాబ్. అర్చన ఒక్కతే మానిటర్ వైపు చూస్తూ ఉండిపోయింది.

"చాచా, తొంభై నాలుగు పోయింది," అంది.

"కాలు మిగిలింది గద బిడ్డా."

అంబులెన్సులో ఎక్కించడానికి స్ట్రెచర్ ఎత్తేసరికి షాకీర్ పరుగెత్తుకొచ్చాడు.

"ఆగున్రి! మంత్రిసాబ్ పరామర్శకొస్తరు. తొక్కిసలాట బాధితులు ఎవ్వరు దవాఖాన ఇడిసి పోవద్దు."

"ఎప్పుడొస్తడు?"

"రేపు."

రేపు మంత్రిగారికి వనపర్తిలో పెళ్లి ఉంది. ఎల్లుండి టీవీ వాళ్లు దొరకలేదు. ఆ మరుసటి రోజు మంత్రిగారికే ఒక ఆలోచన వచ్చింది. ఎలాగూ ఢిల్లీ బృందం ఇరవై తొమ్మిదిన వస్తోంది, వాళ్ల ముందే పరామర్శిస్తే రెండు పనులు ఒకేసారి అవుతాయి. ఇంకో సందేహమూ వచ్చింది.

"షాకీర్, తొక్కిసలాట అంటున్నరు. నలిగింది ఒక్కడేనా? జనం ఎంతమంది వచ్చిండ్రనుకుంటరు?"

మర్నాటికి వార్డులోనే కాదు, మార్చి నాటి చీటీల్లో చూసినా డబ్ల్యూ 52. చెట్టు మీంచి పడినవాళ్లు, గుంతలో పడినవాళ్లు, మొగుళ్లు కొట్టిన ముప్పై ఒక్క మంది, అందరినీ జనమే తొక్కింది. మొత్తం నూట తొంభై ముగ్గురు. ఈసారి ఎవరూ మాటలు మింగలేదు. తొక్కింది జనమంటే కేసు ఎవరి మీదా లేదని హెడ్ కానిస్టేబులే అందరికీ ధైర్యం చెప్పాడు.

నబీ సాబ్ షాకీర్ చొక్కా పట్టుకున్నాడు. "ఏడు దినాలైందిరా! నీకు కావల్సినోళ్లు నూట తొంభై రెండు మంది ఉన్నరు. ఆ ఒక్కణ్ణి పంపియ్!"

"ఎట్ల పంపాలె మామూ? వాళ్లందరు కాగితం మీద నలిగిండ్రు. నిజంగ తొడ ఇరిగింది గాయనకే. గాయన పోతే తొక్కిసలాట ఏడున్నది?" షాకీర్ గొంతు తగ్గించాడు. "ఈ కారణం నువ్వు ఇచ్చిందే గద."

నబీ సాబ్ చెయ్యి వదిలేశాడు.

ఇరవై తొమ్మిదిన ఢిల్లీ బృందం వచ్చింది. మంత్రిగారు మల్లయ్య మంచం మీద కూర్చొని అతని చెయ్యి పట్టుకున్నారు. కెమెరాల్లో సరిగా రాలేదంటే ఇంకోసారి పట్టుకున్నారు. బృందం పెద్ద, అద్దాలాయన, మల్లయ్య వైపు వంగి ఇంగ్లీషులో అడిగాడు. షాకీర్ దాన్ని తెలుగులో చెప్పాడు.

"ఎంతమంది తొక్కిండ్రు అంటుండు."

"ఎవ్వరు తొక్కలే," అన్నాడు మల్లయ్య. "అందరు ఇడిసిపోయిండ్రు."

షాకీర్ అద్దాలాయన వైపు తిరిగాడు. "లెక్కలేనంత మంది అంటున్నడు సార్."

అద్దాలాయన తృప్తిగా తలూపి కాగితం మీద టిక్కు పెట్టాడు. ఎక్స్ 59 సున్నా. జారుళ్లు పదికి మించలేదు. ప్రతి గాయానికీ కారణం, ప్రతి కారణానికీ కోడు. ఇంత శుభ్రమైన రిజిస్టరు తన సర్వీసులో చూడలేదని ఆయన అక్కడికక్కడే ప్రకటించాడు.

ఆ సాయంత్రం మల్లయ్యను కర్నూలుకు పంపారు. అతుక్కోవడం మొదలైన ఎముకను డాక్టర్లు మళ్లీ విడదీసి రాడ్ వేశారు. నెల తర్వాత తిరిగి వచ్చినప్పుడు నబీ సాబ్ అతన్ని గోడకు నిలబెట్టి కొలత తీశాడు. టేపు రెండుసార్లు పెట్టి చూశాడు. ఎడమ కాలు రెండు వేళ్లు పొట్టి.

"పూణేకు రావొద్దన్నడు మేస్త్రీ," అన్నాడు మల్లయ్య. బాలమ్మ అటు తిరిగి నిలబడింది.

షీల్డు నందిరేవుకే వచ్చింది. దాని వెనకే నబీ సాబ్‌కు కూడా ఆయన బతుకులో అతి పెద్ద ఆర్డరు వచ్చింది. నూట తొంభై మూడు జతల చంకకర్రలు, జూన్ పదో తారీకులోగా కావాలి. కొలతలు ఇవ్వండని అడిగితే, ఏ సైజు అయినా ఫరవాలేదన్నాడు షాకీర్. నబీ సాబ్ ఒక్క జత మాత్రం కొలత ప్రకారం చేశాడు. చంక దగ్గర రెండు పొరల గుడ్డ చుట్టాడు. ఆ జతకు బిల్లు వెయ్యలేదు.

జూన్ పదకొండున నాగర్‌కర్నూల్‌లో మంత్రిగారి ఆత్మీయ సభ. తనకోసం జనం ఎట్లా విరగబడతారో రాష్ట్ర నాయకులకు కళ్లారా చూపించాలని మంత్రిగారి కోరిక. షాకీర్ నాలుగు లారీలు పంపి, బాధితులందరినీ ఎక్కించి, కర్రలిచ్చి వేదిక మీద వరుసగా కూర్చోబెట్టాడు. మల్లయ్య ముందు వరుసలో, మంత్రిగారి కుడిపక్కన ఉన్నాడు. పిలిచినప్పుడల్లా వస్తే భోజనం, ఒక చీర అన్నారు. బాలమ్మ చీర వద్దంది, రేకులడిగింది.

నబీ సాబ్ మైదానంలో వేపచెట్టు నీడకు నిలబడి అలవాటు కొద్దీ లెక్కపెట్టాడు. వేదిక మీద నూట తొంభై ముగ్గురు. షీల్డు ఒకటి. మంత్రిగారు ఒకరు. తర్వాత ఇటు తిరిగాడు. కుర్చీలు మూడు వేలు. ఎండకు కాలుతున్నాయి. ఆయన లెక్కపెట్టడం ఆపేశాడు.

"నా ప్రజల ప్రేమకు తట్టుకోలేక నలిగిన నా తమ్ముళ్లు, నా చెల్లెండ్లు వీళ్లు!" మంత్రిగారు షీల్డు పైకెత్తారు. "దయచేసి ఎవ్వరు ముందుకు తోసుకోవద్దు! మళ్ల ఒక్క ప్రాణికి గూడ దెబ్బ తగలొద్దు!"

వేదిక ముందు తాడు పట్టుకొని పదిమంది కానిస్టేబుళ్లు నిలబడ్డారు. ఆ మాట చెవిన పడగానే వాళ్లు లాఠీలు అడ్డం పెట్టి, కాళ్లు తన్నిపెట్టి, "జరుగున్రి, ఎనక్కి జరుగున్రి" అంటూ ఖాళీ కుర్చీలను బలంకొద్దీ వెనక్కి నెట్టసాగారు.